చుక్క ఉన్న పన్ను

పొద్దున్నే పొయ్యి రాజేశాక మార్సెలీనా మొదట చేసే పని రొట్టెలు కాల్చడం కాదు. నిన్నటి బూడిద బొటనవేలికి అద్దుకుని పైవరస ముందుపన్ను రుద్దుకోవడం. ఆ పంటికి బంగారు తొడుగు, తొడుగు మధ్యలో ఆకాశంలో చుక్కలా మొనలున్న చిన్న ఖాళీ. మొక్కజొన్న బాగా పండిన ఏడాది, భర్త యుసేబియో తొతోనికపాన్ సంతలో పళ్ళు కట్టేవాడి దగ్గర చేయించాడు. రుద్దుకోవడం అయ్యాక అతని వైపు తిరిగి పెదవి ఎత్తేది. "చుక్క పొడిచింది, ఇక రొట్టె పెట్టు," అనేవాడు. ముప్పయ్యొక్క ఏళ్ళు అదే మాట.

పోయిన వానల్లో అతను పోయాడు. మెరిసిందో లేదో చెప్పే మనిషి లేక ఆమె రెండేసి సార్లు, మూడేసి సార్లు రుద్దడం మొదలుపెట్టింది.

చిగురు నుంచి రక్తం వచ్చింది. బ్రష్షు తగిలితే ఇంకా వస్తోందని ఆ పక్కకి బ్రష్షు పోనివ్వడం మానేసింది. బంగారం మాత్రం రుద్దేది. నొప్పి లేదు కదా అనుకుంది. నోరు వాసన కొట్టింది, చిగురు పైకి జరిగి పన్ను పొడుగ్గా కనబడింది. ఒకరోజు రొట్టె కొరికితే పన్ను కదిలింది. అప్పటినుంచి రొట్టె చారులో నానబెట్టుకుని తినడమే, గంటకోసారి నాలుకతో తడుముకోవడమే. అతను ఆమె ఒంటిమీద పెట్టిపోయింది అదొక్కటే.

"పీకించేయ్ వదినా. ఆ బంగారంతో చెవులకి ఏదన్నా చేయించుకో. ఇంకెవరికి చూపిస్తావు ఆ నవ్వు?" అంది ఆడబిడ్డ ఫిదేలియా. అనేశాక నాలుక కరుచుకుంది. మర్నాడు తనే వెంటబెట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరు నీనెత్, గీతలున్న సన్నటి పుల్లని పంటికీ చిగురుకీ మధ్య పోనిచ్చి లోతు కొలిచింది. మూడు మిల్లీమీటర్ల వరకూ ఫరవాలేదట. ఈమెకి ఏడు.

"ఇది పుచ్చు కాదమ్మా. చిగురు కింద గార రాయిలా పేరుకుంది. అక్కడ క్రిములు చేరి చిగురు వాచి, పన్నుని పట్టుకునే ఎముక కరుగుతోంది. కరిగింది మళ్ళీ మామూలుగా రాదు. మిగిలింది కాపాడుకోవాలి."

"పన్ను ఉంటుందా?"

"మాటివ్వలేను."

వేలు పొడిచి షుగర్ ఉందేమో చూశారు. లేదు. మత్తు సూది వేసి, లోపలి గార గీకి, వేరు నున్నగా చేసి, తొడుగు అంచు సరిచేశారు. మెత్తటి బ్రష్షు చిగురు అంచుకి వాల్చి తోమమంది డాక్టరు, మొదట్లో రక్తం కనబడినా ఆపొద్దంది. బూడిద మాత్రం వద్దంది, చిగురునీ వేరునీ అరగదీస్తోందట.

"బూడిద లేకపోతే మెరవదు డాక్టరమ్మా."

"మెరవకపోవచ్చు. పన్ను ఉండొచ్చు."

ఎనిమిది వారాలకి మళ్ళీ కొలిస్తే ఏడు కాస్తా నాలుగైంది. రక్తం ఆగింది. పన్ను మాత్రం ఇంకా కాస్త కదులుతూనే ఉంది. మూడు నెలలకోసారి రమ్మంది డాక్టరు.

మర్నాడు మార్సెలీనా పొయ్యి రాజేసింది. పక్కన నిన్నటి బూడిద మెత్తగా ఉంది. బొటనవేలు దానంతటదే అటు పోయింది. గోడమీద అద్దంలో చుక్క మసకగా ఉంది. నాలుకతో పన్ను తడిమి చూసుకుంది. ఉంది. బూడిద అలాగే వదిలేసి, పిండి ముద్ద దగ్గరికి లాక్కుంది.