నడిమి చిల్లు లేని బిళ్ల

మొన్న తార్నాకలోని మా ఫ్లాట్‌లో స్నానాలగదికి కొత్త టైల్స్ వేయిస్తుంటే, తడి రాయి అరిగే వాసన వంటింటి దాకా వచ్చింది. యాభై ఏళ్లు దాటినా ఆ వాసనకు నా ఒళ్లు మండుతుంది.

అరవైల చివర్లో మా నాయన యూనివర్సిటీ వర్క్‌షాపులో మెకానిక్కు, మా క్వార్టరు దాని వెనకే. ఎండాకాలం సెలవుల్లో, బయట వేపపూత రాలుతుంటే, రంపపు పొట్టు, మాడిన నూనె, నాయన బీడీ వాసనలు కలిసిన ఆ చల్లని నీడలో పొద్దంతా కూర్చునేదాన్ని. బోర్లించిన గిన్నెల్లా ఉండి, అంచున పళ్లతో గుండ్రటి చిల్లు కోసే రంపాలు ఆయన దగ్గర వరసగా ఉండేవి, హోల్‌సా అనేవారు. పని మొదలుపెట్టే ముందు వాటిని నా ముందర పరిచి "దేనితోని కోద్దాం బిడ్డా?" అని అడగడం ఆయన అలవాటు. చెక్కకైతే పెద్ద పళ్లది, ఇనుప రేకుకైతే సన్న పళ్లది, అదీ నూనె చుక్కలు వేస్తూ నిమ్మళంగా అని నేను చెప్పాలి. ఊడిపడిన చెక్క బిళ్లలన్నీ నావే. క్వార్టర్ల పిల్లలమంతా వాటితోనే తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. రంపం నడుమ ముందుగా దిగే బర్మా ముల్లు వల్ల ప్రతి బిళ్లకూ మధ్యలో చిల్లుండేది.

ఒకరోజు లాబొరేటరీ నుంచి మందపాటి అద్దం పలక వచ్చింది, పైపు పట్టేంత చిల్లు కోయమని. నేను సన్న పళ్లది చూపించాను. నాయన తల అడ్డంగా ఊపి, పళ్లే లేని ఇత్తడి గొట్టం బిగించాడు. అద్దం మీద బంకమట్టితో చిన్న కట్ట కట్టి, నీళ్లు పోసి, అద్దాన్ని అరగదీసే ఎమరీ పొడి చల్లి మెల్లగా తిప్పుతుంటే, పళ్లు లేనిది అద్దంలోకి దిగుతోంది! తడి రాయి అరిగే వాసన గదంతా నిండింది.

"గీ బిళ్లకు నడిమి చిల్లుండదు. నీకే," అన్నాడు.

నేను గుమ్మంలోకి వెళ్లి నిలబడి ఎదురుచూస్తున్నాను. అంతలో సూపర్‌వైజరు వచ్చాడు.

"ఏంది యాదగిరీ, పొద్దుగాల సంది రుబ్బుతనే ఉన్నవ్? చట్నీయా?"

"పండ్లున్నది పెడితె పగుల్తది సార్."

"హటో!"

నాయనను పక్కకు జరిపి, తనే పళ్ల రంపం బిగించి గట్టిగా అదిమాడు. టప్పుమని అద్దం మూడు ముక్కలైంది. సూపర్‌వైజరు ముక్కల వంక కాదు, నా వంక చూశాడు.

"బిళ్ల కోసం గీ పోరి బల్ల కదిపింది!"

నేను బల్లకు పదడుగుల దూరంలో ఉన్నాను. నాయన నిజం చెబుతాడని చూశాను.

"సారుకు మాఫ్ చేయుమని చెప్పు, బిడ్డా," అన్నాడు నాయన.

నేను చెప్పలేదు. నా బదులు నాయనే చేతులు జోడించి చెప్పాడు. ఆ తరువాత "దేనితోని కోద్దాం" అని ఆయన నన్నెప్పుడూ అడగలేదు, అద్దం సంగతి నేనూ ఎత్తలేదు.

మొన్న పైపు కోసం టైలుకు చిల్లు కోస్తున్న ఫిట్టర్ చేతిలోనిదీ పళ్లు లేని గొట్టమే, అంచున వజ్రపు పొడితో.

"పండ్లున్న రంపం పెడితె ఏమైతది?" అని అడిగాను.

"పగుల్తదమ్మా."

"పెట్టినోడు, గుమ్మంల నిలవడ్డ పిల్ల పలగ్గొట్టిందంటే?"

అతను నవ్వాడు. "గట్లెవడన్నడు? పండ్లు పెట్టినోడే పలగ్గొట్టిండు."

మళ్లీ చెప్పమన్నాను. చెప్పాడు.

వినడానికి నాయన లేడు. ఆ వర్క్‌షాపు లేదు, వేపచెట్టు లేదు, తొక్కుడుబిళ్ల గీతలు గీసేవాళ్లూ లేరు. అతను చెత్త బకెట్లో పడేసిన టైలు బిళ్లను తీసి, కడిగి, వెలుతురులో తిప్పి చూశాను. నడిమి చిల్లు లేదు.