రోము వీరుడికి చింతపండు

గుప్పెడు చింతపండుతో రెండు వేల ఏళ్ల చరిత్రను తుడిచిపెట్టిన మొనగాణ్ణి నేను. ఎలాగో చెబుతాను, నవ్వేవాళ్లు మొహమాటపడకుండా నవ్వండి. అమెరికాలోని శాంటా క్లారాలో ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ ఎనభైల్లో, నాకు తెలియని విషయమంటూ లేదని నా గట్టి నమ్మకం.

కింద ఇంటావిడ మార్గరెట్, మేడ మీద అద్దెకు మేము. ఆవిడ హాల్లో మూరెడు ఎత్తు కంచు వీరుడొకడు, ఒంటి మీద నూలుపోగు లేకుండా, నిండా పచ్చటి చిలుముతో నిలబడి ఉండేవాడు. "మా ముత్తాత రోము తవ్వకాల్లో కొన్నాడు" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేది. ఒకసారి ఊరెళ్తూ, మొక్కలకు నీళ్లు పోయమని తాళంచెవి నాకిచ్చింది. నేను మొక్కలతో ఆగితే బాగుండేది.

"పాపం, ముసలావిడకి తోముకునే ఓపిక లేదు. లీజ్ రెన్యూ చేయాల్సిన టైమ్ కదా, సర్‌ప్రైజ్ చేద్దాం" అన్నాను.

"ఏవండీ, ముందు ఆవిణ్ణి అడగండి" అంది నా భార్య సరళ.

"శుభ్రం చేస్తే ఎవరైనా తిడతారా? నీకు తెలీదు, ఊరుకో!"

చింతపండు, ఉప్పు వేసి తోమితే వీరుడు పెళ్లికి కొన్న బిందెలా తళతళలాడాడు. కాళ్ల కింద అక్షరాలు కూడా బయటపడ్డాయి: బర్మింగ్‌హామ్, ఇంగ్లండ్. నా తెలివి చూడండి, వాటిని ఇంకాస్త మెరిసేలా తోమాను.

తిరిగొచ్చిన మార్గరెట్ సోఫాలో కూలబడింది. "నా గ్రీన్ ఏదయ్యా?"

"క్లీన్ చేశాను మేడమ్! అడ్రస్ కూడా దొరికింది!"

విక్టోరియా రాణి కాలపు దొరలకు గ్రీకు, రోము బొమ్మల పిచ్చి. అసలువి దొరకనివాళ్లు కొత్తవి పోత పోయించి, తవ్వి తీసినట్టు కనబడాలని చిలుము కూడా పట్టించేవారట. మార్గరెట్ వీరుడూ ఆ బాపతే, ఈ సంగతి ఆవిడకు ముందే తెలుసు!

"ఆదివారం నా ఆర్ట్ క్లబ్ వాళ్లొస్తున్నారు. ఈలోగా గ్రీన్ రాకపోతే ఇల్లు ఖాళీ చెయ్యి."

మేడెక్కి తల పట్టుకున్నాను. సరళ పుల్లమజ్జిగ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇత్తడి గిన్నెలో మజ్జిగ పోస్తే ఏమవుతుందండీ? అన్నీ తెలిసినవారు కదా, పూయండి."

రోజూ పూశాను. ఆదివారానికి వీరుడు పచ్చబడ్డాడు, అక్షరాలు మాయమయ్యాయి, కానీ పులిసిన కంపు మాత్రం వదల్లేదు. క్లబ్ పెద్దావిడ వంగి, కళ్లు మూసుకుని, గట్టిగా వాసన పీల్చింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆహా! అచ్చం రోము మట్టి వాసన! దీన్ని ఎవరూ ఫేక్ చేయలేరు!"

ఆ సాయంత్రమే మార్గరెట్ లీజ్ మీద సంతకం పెట్టింది. పుల్లమజ్జిగ సాక్షిగా నేనూ శపథం చేశాను: అడగందే పరాయి ఇంట్లో దేన్నీ తోమను. మా ఇంట్లో గిన్నెలన్నీ మాత్రం అప్పటినుంచీ నేనే తోముతున్నాను. అది సరళ చేయించిన శపథం.