‘ఆయ్’ ఒక్కటే మిగిలిన రోజులు

నాకు మాట పడిపోయిన రోజు ఉదయం అమలాపురంలో ముగ్గురు నలుగురితో మాట్లాడాను. ఒక్కరూ కనిపెట్టలేదు.

“రేపు అర్ధలీటరు ఎక్కువ పొయ్యమంటారాండి?” అన్నాడు పాలాయన. “ఆయ్” అన్నాను. “నిన్నటి వార్త తమరు రాసిందేనాండి?” అన్నాడు బస్టాండులో పేపరు ఏజెంటు. “ఆయ్.” మా గోదావరి సీమలో ‘అవునండి’కి బదులు వాడే ఆ ఒక్క మాటతో పెళ్ళి సంబంధం కూడా కుదుర్చుకోవచ్చు. ఇంకేం చెప్పబోయినా నోరు తిరగడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. కుడిచేతిలోంచి కలం జారిపోతుంటే నిద్ర చాలక అనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ సావిత్రి కత్తిపీట ముందు కూర్చుని ఉంది. “కూర ఏం చెయ్యమంటారు?”

“ఆయ్.”

“కంద ఉంది, వంకాయలున్నాయి. ఏది?”

“ఆయ్.”

“వేళాకోళమా?” అంటూ తలెత్తి చూసింది. నా మూతి కుడివైపు జారిపోయి ఉంది.

టాక్సీలో మురమళ్ళ దాటి, ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి, కాకినాడ ఆసుపత్రికి చేరాం. బీపీ చూశారు. ఈసీజీ, రక్తపరీక్షలు అయ్యాక డాక్టరు గారు మంచం పక్కన కూర్చున్నారు.

“స్ట్రోక్. మెదడులో ఎడమవైపు వచ్చింది. మాట రాకపోవడాన్ని అఫేషియా అంటాం. మీ మాటలు లోపలే ఉన్నాయి, వాటి దగ్గరికి వెళ్ళే దారి చెడింది. రోజూ నడుస్తుంటే కాలిబాట పడుతుంది.”

ఏళ్ళ తరబడి నేను విలేకరిని. ట్రంక్ కాల్‌లో వార్త చదివి వినిపించడం నా పని. మళ్ళీ చేయగలనా అని ఆయన్ని అడగబోయాను. “ఆయ్” అని వచ్చింది.

ఇంటికి వచ్చాక పేపరు తెరిచాను. అక్షరాలన్నీ ఎప్పుడో పరిచయమైన ముఖాల్లా ఉన్నాయి, పేర్లు మాత్రం గుర్తుకు రావు. మడిచి అవతల పెట్టేశాను.

మర్నాడు పక్కింటి రూతమ్మ గారు వచ్చారు. ఒకటో తరగతి పిల్లలకు చదువు చెప్పి రిటైరైన టీచరు. “పెద్ద వార్తలొద్దండి బాబూ. రోజూ ఒకేలా వచ్చేది చదువుదాం” అని పేపర్లో పంచాంగం చూపించారు. తిథి, వారం, నక్షత్రం. పేర్లు మారతాయి, వరుస మారదు. “నేను చర్చికెళ్ళే మనిషినండి, ఈ వర్జ్యాలూ అవీ నాకు తెలీవు. మీరే సరిచెయ్యాలి.”

“ఆయన చేత పంచాంగం పట్టించడం మా మావగారి వల్లే కాలేదండీ!” అంది సావిత్రి వంటింట్లోంచి.

కాఫీ, బీపీ మాత్ర, పంచాంగం, రబ్బరు బంతి పిసికే ఫిజియోథెరపీ, సాయంత్రం కాలవగట్టు మీద నడక. అదే వరుస. రూతమ్మ గారు వేలు పెట్టి చదివేవారు, నేను పెదవులు కదిపేవాణ్ణి. ఒక ఉదయం ఆవిడ “ఏకాదశి” అని చదివారు. పత్రికలో అచ్చుతప్పులు పట్టిన కళ్ళు ఊరుకోలేదు.

“తప్పు” అన్నాను.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

“దశమి.”

రూతమ్మ గారు కళ్ళజోడు సర్దుకుని, “అలాగాండీ? చత్వారం కదండీ” అన్నారు. కావాలని చదివారో, నిజంగా పొరబడ్డారో ఇప్పటికీ చెప్పరు.

తర్వాత హెడ్డింగులు, ఆపైన గ్రంథాలయం నుంచి తెచ్చిన చిన్న కథలు. ధైర్యం వచ్చి తొందరపడ్డాను. ముమ్మిడివరం దగ్గర బస్సు కాలవలోకి ఒరిగిందని తెలిసి, మూడు వాక్యాలు రాసుకుని ఆఫీసుకు ఫోన్ చేశాను. చదవడం బాగానే చదివాను. అవతల సబ్ ఎడిటర్ కాగితంలో లేనిది అడిగాడు: “ఎవరైనా పోయారాండీ?”

“ఆయ్” అన్నాను.

“అయ్యో! రాసేసుకుంటున్నానండి.”

సావిత్రి రిసీవరు లాక్కుంది. “రాసెయ్యకండి బాబూ! ఎవరూ పోలేదు!”

ఆ వారంలోనే ఉద్యోగం వదిలేశాను. పేపరు ముట్టలేదు. “వెనక్కి వెళ్ళారనుకోకండి. తొందరపెడితే మాట మూసుకుంటుంది. చదవడం ఆపొద్దు” అన్నారు డాక్టరు గారు. రూతమ్మ గారు మామూలు వేళకే వచ్చి కూర్చుని, “ఇవాళ ఏం నక్షత్రమండీ?” అన్నారు. చూసి చెప్పక తప్పలేదు.

ఇప్పుడు మాట్లాడుతున్నాను, కాస్త నిదానంగా. వార్తలు పంపడం లేదు. రూతమ్మ గారికి కళ్ళలో శుక్లాలు వచ్చాయి. అందుకని రోజూ ఆవిడకు పేపరంతా నేనే చదివి వినిపిస్తున్నాను. ఆ గంట కోసం రాత్రే కళ్ళజోడు తుడిచి పెట్టుకుంటాను.

చదివేవారికి ఒక్కటే చెబుతాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నట్టుండి అన్నిటికీ ఒకే మాట అంటుంటే మర్యాద అనుకోకండి. ఆ మాటతో జవాబు కుదరని ప్రశ్న ఒకటి అడగండి. జవాబు రాకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మా ఇంట్లో ఆ ప్రశ్న రోజూ ఉదయమే వస్తుంది. ఇవాళ “కంద బచ్చలి” అన్నాను.

“బచ్చలి లేదు. వంకాయే” అంది సావిత్రి.

“ఆయ్” అన్నాను.