ఒక శాలువా తక్కువైన సన్మానం

ఈ రోజు సభామర్యాదను మంటగలిపినందుకు సమస్త గురులోకానికీ సాష్టాంగ క్షమాపణలు.

మా ఊరి బడి సార్లకు, సిబ్బందికి పూర్వ విద్యార్థుల సన్మానం. మైకు నా చేతిలో ఉంది. హుజూర్‌నగర్ నుంచి తెచ్చిన శాలువాల్లో ఒకటి తక్కువని సభ మొదలయ్యాకే తెలిసింది. జాబితా హెడ్మాస్టరుతో మొదలై, మధ్యాహ్న భోజనం వండే యాదమ్మతో ముగుస్తుంది. ఆమేమో కొత్త చీర కట్టుకుని, మనవరాలిని కూడా వెంటబెట్టుకొచ్చింది.

ఆఖరికి శాలువా లేకుండా మిగిలిన హెడ్మాస్టరు నా చెవిలో అడిగారు.

"ఏంరా, నన్ను మర్చిపోయినవా?"

"లే సార్, మీకు ఇంకా మంచిది తెస్తుండ్రు. జర ఆగుండ్రి."

ఎవరూ తేవడం లేదు. రేపు ఆయనకు ముఖం ఎలా చూపించాలో మీరే చెప్పండి. నేను చేసిందల్లా ఒక్కటే, జాబితాను కింది నుంచి పైకి చదివాను.