గోడ దాకా ఊగిన గోతం

నిన్న కదిరి బస్టాండు దగ్గర పశువుల మేతకని ఎండిన వేరుశనగ కట్టె వేసుకుని ట్రాక్టరొకటి పక్కగా పోయింది. ఆ ఎండు వాసనకు నలభై ఏళ్ల కిందటి మా పశువుల కొట్టం గుర్తొచ్చింది.

అన్న ఆ కట్టెనే గోతంలో కుక్కి, దూలానికి వేలాడదీసి, రోజూ గుద్దేవాడు. జిల్లా బాక్సింగు పోటీల్లో గెలిచాక, డ్రిల్లు మాస్టరు ఇంటికొచ్చి మరీ చెప్పాడు: "ఇంకో ఏడాది ఇట్లనే గుద్దప్పా. హైదరాబాదు పోటీల్లో నీ ముందర నిలబడేటోడు ఉండడు."

ఆ ఏడు వాన పడలేదు. ఎద్దుల డొక్కలు లోపలికి పోయాయి. గోతం మాత్రం రోజురోజుకూ ఎక్కువ దూరం ఊగేది.

"నాయనా, అన్నకు శానా బలమొచ్చిండాది! గోతం గోడ దాకా పోతాండాది!" అని ఎగిరాను.

"ఔ లేరా," అన్నాడు నాయన, నా వైపు చూడకుండా.

ఒక తెల్లవారుజామున కొట్టంలోకి పోతే, అన్న గోతం మూతి విప్పి, పిడికెడు పిడికెడుగా కట్టె తీసి ఎద్దుల ముందర వేస్తున్నాడు.

"మాస్టరుకు మాత్రం చెప్పాకురా," అన్నాడు.

మళ్లీ మూతి కట్టి ఒక్క గుద్దు గుద్దాడు. గోతం గోడకు తగిలింది. నేను చప్పట్లు కొట్టాను.

ఎద్దులు ఆ ఎండాకాలం గట్టెక్కాయి. అప్పటికి గోతం ఖాళీ. అన్న హైదరాబాదు పోలేదు. గోతం అంత దూరం ఎందుకు ఊగిందో నాకు తెలిసేసరికి, అన్న గుద్దడం మానేసి చాలా ఏళ్లయింది.