గ్యాస్ నొప్పి అని చెప్పింది నేనే

ఆ రోజు మా బావమరిది సూరి మధ్యాహ్నం అన్నం గిన్నె విప్పి, రెండు ముద్దలు తిని పక్కన పెట్టేశాడు. తిండి దగ్గర వాడలా చేయడం నేనెప్పుడూ చూడలేదు. పొద్దున క్రేన్ గొలుసు ఊగి వాడి ఎడమ డొక్కలో కొట్టింది. చర్మం మీద గీత కూడా పడలేదు.

"బావా, కడుపులో ఏటో బరువుగా ఉంది. ఎడం బుజం కూడా లాగేత్తంది."

"గొలుసు ముద్దెట్టుకుంటేనే ఇలగయిపోతే ఎలగరా? నీకంటే మీ అక్క నయం," అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వించానని నాకు గర్వం.

హిందీవాళ్ల ఊరు ఆదిత్యపూర్‌లో ఆ చిన్న వర్క్‌షాపుకి నేను పనివాళ్లని అజమాయిషీ చేసే చార్జ్‌మన్‌ని. నెలంతా యాక్సిడెంట్ రాయని సెక్షన్‌కి స్టీలు టిఫిన్ క్యారియర్లు పంచేవారు. అందుకని మా దగ్గర వేలు నలిగితే ఇంటి తలుపులో పడినట్టు, కాలు విరిగితే సైకిల్ మీంచి జారినట్టు చెప్పేవాళ్లం. ఆ నీచపు తెలివికి పెద్దదిక్కు నేనే.

షిఫ్టు దిగేసరికి సూరి ముఖం పాలిపోయింది. ఆసుపత్రి ఎమర్జెన్సీలో డాక్టరమ్మ "క్యా హువా?" అని వాణ్ణే అడిగింది. వాడు నోరు తెరిచేలోగా నేనందుకున్నాను: "గ్యాస్ నొప్పి మేడమ్. నిన్న బజ్జీలు తిన్నాడు." సూరి నా వైపు చూసి తలూపాడు.

ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టారు. కాసేపటికి లేవబోయి కూలిపోయాడు.

"BP పడిపోతోంది. గ్యాస్‌కి ఇలా అవదు," అంటూ ఆమె స్ట్రెచర్‌ని అల్ట్రాసౌండ్ గదికి తోయించింది. ఆ మిషన్ కొత్తగా వచ్చింది. ఎక్కువగా గర్భిణులకే వాడేవారు. బెంచీ మీదున్న ఆడవాళ్లను ఆపి వీణ్ణి లోపలికి తీసుకెళ్లారు. పొట్ట మీద చల్లటి జెల్లీ రాస్తుంటే, ఆ స్థితిలో కూడా, "ఆడోళ్ల మిషను నాకేటి బావా?" అని గొణిగాడు.

తెర మీద నాకు బూడిదరంగు పొగే కనిపించింది. డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది.

"ఇది spleen, ప్లీహం. దాని పక్కన ఈ నల్లటి పట్టీ, ఖూన్ హై. లోపల రక్తం కారుతోంది. సచ్ బోలో, నిజం చెప్పు, దెబ్బ ఎక్కడ తగిలింది?"

"గొలుసు తగిలింది మేడమ్."

ఆ ఒక్క మాట నా నోట రావడానికి తెర మీద వాడి నెత్తురు కనబడాల్సి వచ్చింది. అంతటి మగాణ్ణి.

వెంటనే operation చేసి spleen తీసేశారు. వరండాలో నా భార్య నా ముఖం కూడా చూడలేదు. "నా తమ్ముడి నోట్లో మాట నువ్వెందుకు మింగేసినావు?" అంది. 

కొన్నాళ్లకు, ఇంకా ఆసుపత్రి మంచం మీదుండగానే, సూరికి జ్వరం వచ్చింది. "నర్సుకి చెప్పకు బావా, ఇంటికి పంపరు," అన్నాడు గుట్టుగా. నేను నేర్పిన చదువు వాడికి బాగానే అబ్బింది. ఈసారి పరుగెత్తి చెప్పాను. కుట్ల దగ్గర చీము పట్టింది. విప్పి కడిగారు. గాయం మానడానికి చాలా కాలం పట్టింది.

ఇప్పుడు సూరి టెల్కో కాలనీలో ఒక దుకాణంలో పనిచేస్తున్నాడు. spleen లేని ఒంటికి రోగాలు తొందరగా అంటుకుంటాయి కాబట్టి కాస్త ఒళ్లు వెచ్చబడినా డాక్టర్ దగ్గరకు వెళ్లాలి, వెళ్తాడు. నన్ను ఒక్కసారీ తిట్టలేదు. తిడితే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. కడుపులో దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనబడకపోయినా, ఏది తగిలిందో ఎక్కడ తగిలిందో డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి. దెబ్బ తిన్నవాణ్ణే మాట్లాడనివ్వండి. పక్కన నాలాంటివాడు నోరు తెరిస్తే, ముందు వాణ్ణి బయటికి పంపండి.