ఏడాకుల బంగారం

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఏ పేరూ పదవీ లేని మనిషి గురించి ఎవరు చదువుతారని. కానీ పక్కింటి తలుపు మూసి ఉండటం చూస్తూ కూర్చోలేకపోయాను. కంఠేశ్వర్‌లో మా పక్కింటి చెల్లె పోయిన గురువారం కాలం చేసింది. తోబుట్టువు కాదు; ఇరవై ఏళ్లు నన్ను "అన్నా" అని పిలిచింది, అంతే.

మొగుడు ఎప్పుడో పోయాడు. ఎడపల్లిలో చెరుకు కొట్టే ఒక్కగానొక్క కొడుకు ఫౌజులో సిపాయిగా చేరాడు. అప్పటినుంచి ఆమె పగలంతా తలుపు తీసే ఉంచేది. "తలుపు తెరిసుంటే ఇల్లు సగం నిండినట్టే అన్నా" అనేది. మిగతా సగం కోళ్లతో మాట్లాడి నింపేది.

మొన్న దసరా మరునాడు, యుద్ధంలో ఉన్న సిపాయిలకు దీపావళి కానుకలు పంపుతామని సర్కారు కచేరీలో మూటలు తీసుకున్నారు. అందరూ సబ్బులు, బీడీకట్టలు తెచ్చారు. ఈమె పిడికెడంత గుడ్డమూట తెచ్చింది. పద్దు రాసుకుంటున్న, ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చిన మున్షీ లోపలేముందని ఉర్దూలో అడిగాడు.

"సోనా," అంది.

మున్షీ కలం కింద పెట్టాడు. "కిత్నా?"

"ఏడాకులు."

దసరానాడు చిన్నవాళ్లు పెద్దల చేతిలో జమ్మి ఆకు పెట్టి, బంగారమని మొక్కడం మన వాడుకని నేను చెప్పేలోపే, ఆయన త్రాసు తెమ్మని కేకేశాడు. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"గాడ జమ్మి చెట్టు ఉంటదో లేదో అన్నా. ఏడంపితే ఒక్కటన్న నాకు మర్లంపుతడు. వాడు బంగారం పెట్టకుంట నాకు దసరా ఎట్లైతది?"

దీపావళి వెళ్లిపోయింది.

నేను బడి ముఖం చూడనివాణ్ణి. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు పట్టాను. అందుకే సగంలో చిరిగిపోయే కథలు నాకు అలవాటు. అయినా ఆమె ఉత్తరాలకు నేనే దిక్కు. కొడుకు ఉత్తరం వచ్చేసరికి ఆమె జ్వరంతో మంచంలో ఉంది. కవరు విప్పి ముందు దులిపి చూసింది. ఏమీ రాలలేదు. అప్పుడు నా చేతికిచ్చింది.

"అవ్వా, బంగారం అందింది. మా తెలుగోళ్లం ఏడుగురం ఉన్నం. తలా ఒకటి తీసుకొని మా ముసలి హవల్దారు చేతిల పెట్టి మొక్కినం. ఆయన ఏడ్చిండు."

ఆమె కవరు తీసుకుని దిండు కింద పెట్టుకుంది. తర్వాత, "మంచిదే తియ్యి," అంది. "ఆయనకు గూడ ఎవలు లేరేమో. రాయన్నా, మంచిగ జేసినవ్ బిడ్డా, నేను మంచిగున్న అని."

"జ్వరం సంగతి?"

"గంత దూరం దాన్నెందుకు తోలుడు?"

ఆ జవాబు తపాలా డబ్బాలో వేసిన మూడో రోజు ఆమె పోయింది. అది ఇంకా దారిలోనే ఉండి ఉంటుంది.

నిన్న, ఆమె పోయిందని రెండో ఉత్తరం రాసి, డబ్బాలో వేసి వచ్చాను.